పాఠం 14: పాత తపాలా బిళ్ళలు, చేతి అచ్చులతో ఉత్తరాల కాగితం తయారీ

14.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివి, ఇందులోని కృత్యాలు పూర్తి చేసిన తరువాత మీరు ఒక పాత తపాలా బిళ్ళ సుమారుగా ఏ కాలానిదో దాని మీది విలువను బట్టి చెప్పగలుగుతారు. ఏ బిళ్ళను కాగితం మీద అలంకారానికి వాడవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో నిర్ణయించగలుగుతారు. రబ్బరు ముక్క మీద ఒక చిన్న అచ్చు చెక్కి, మీ పేరుతో ఉత్తరాల కాగితం, కవరు తయారుచేయగలుగుతారు.

ఈ పాఠానికి కావలసినవి: వాడేసిన తపాలా బిళ్ళలు పది, పెన్సిలు గీతలు చెరిపే మెత్తని తెల్ల రబ్బరు ఒకటి, కొత్త బ్లేడు, స్టాంపు ప్యాడు, ఉల్లిపొర కాగితం, కొంచెం మైదా. ఇవన్నీ చేతికి వచ్చిన తరువాతనే పాఠం మొదలుపెట్టాలని లేదు. ముందు 14.1, 14.2 భాగాలు చదవండి. బిళ్ళల మీద చెయ్యి వేయడం ఆ తరువాత.

14.1 విషయ పరిచయం

స్టాంపు అనే మాటను మనం చాలా వస్తువులకు వాడుతున్నాం. ఉత్తరం మీద అంటించేది స్టాంపు. ఆఫీసులో గుమస్తా కాగితం మీద గుద్దేదీ స్టాంపే. పొలం కొన్నప్పుడు దస్తావేజు రాసే కాగితానికీ అదే పేరు. గందరగోళం లేకుండా ఈ పాఠంలో మూడు మాటలు వాడుకుందాం. ఉత్తరానికి అంటించేది తపాలా బిళ్ళ. తపాలా కార్యాలయం వారు ఆ బిళ్ళ మీద కొట్టే నల్లని గుర్తు తపాలా ముద్ర. మనం చేత్తో చెక్కి, రంగు అద్ది, కాగితం మీద వేసేది అచ్చు.

ఈ మూడింటిలో ఒక తేడా ఉంది. అచ్చు పాడైతే ఇంకో రబ్బరు ముక్క తెచ్చి మళ్ళీ చెక్కవచ్చు. తపాలా బిళ్ళ చిరిగితే అటువంటిదే ఇంకొకటి కొనుక్కోవచ్చు, దొరికితే. తపాలా ముద్ర మాత్రం ఒక ఊళ్ళో, ఒక రోజున, ఒక ఉత్తరం మీద ఒక్కసారే పడింది. అది పోతే మరి రాదు. అలంకారం మీది ఉత్సాహంలో చాలామంది బిళ్ళను చూసి ముద్రను మరచిపోతారు.

ఈ పాఠం రాస్తున్న నేనూ అలాంటివాణ్ణే. మా తాతగారు రంగూన్‌లో పనిచేసే రోజుల్లో ఇంటికి రాసిన ఒక కవరు మా పెట్టెలో ఉండేది. దాని మీద టేకు దుంగతో ఏనుగు ఉన్న బర్మా బిళ్ళ. పదేళ్ళ వయసులో నేను ఆ కవరును గిన్నెడు నీళ్ళలో పడేసి బిళ్ళ ఊడదీసుకున్నాను. తడిసిన కవరు ముద్దయితే పొయ్యిలోకి పోయింది. బిళ్ళ ఇప్పటికీ ఉంది. దాని మీద ముద్రలో పావు భాగం మాత్రమే పడింది. అందులో సంవత్సరానికి సంబంధించి కనిపించేది ఒక్క 4 అంకె. అది 1940 కావచ్చు, 41 కావచ్చు, 42 కావచ్చు. తాతగారు 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలమందితోపాటు నడిచి వచ్చారు. ఆయన అక్కడి నుంచి రాసిన చివరి ఉత్తరం అదేనా అని మా నాయనమ్మ అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కాబట్టి ఈ పాఠంలో ఒక్క నియమం పెట్టుకుందాం. కత్తి, బ్లేడు, నీళ్ళు మనం తయారుచేసే వస్తువు మీద ధారాళంగా వాడదాం. దొరికిన వస్తువు మీద వాడేముందు అదేమిటో చదువుదాం.

14.2 బిళ్ళను చదవడం

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ 1840లో ఇంగ్లండులో వచ్చిన ఒక పెన్నీ నల్ల బిళ్ళ. మన ఉపఖండంలో, ఆ మాటకొస్తే ఆసియాలోనే మొదటిది 1852 జూలైలో కరాచీ నుంచి వెలువడిన సింధు డాకు బిళ్ళ. దాని విలువ అర్ధణా. అది గుండ్రంగా ఉంటుంది, కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చొత్తినది. మొదటి రకం ఎర్రని లక్క బిళ్ళ కావడంతో చేతిలో పెళుసుగా విరిగిపోయేది. భారతదేశమంతటికీ కలిపి బిళ్ళలు 1854 అక్టోబరులో వచ్చాయి. ఇటువంటివి మీ ఇంటి పెట్టెలో దొరికే అవకాశం చాలా తక్కువ. దొరికితే ఈ పాఠానికి వాడవద్దు.

మీకు దొరికేవాటిని పోల్చుకోవడానికి సులభమైన ఆధారం వాటి మీది విలువ. మన రూపాయి 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతిలోకి మారింది. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగణాలు అని పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. బిళ్ళ మీద అణాలు, పైలు ఉంటే అది 1957కు ముందుది. నయా పైసలు అని ఉంటే 1957 తరువాత మొదటి ఏడేళ్ళలోది. 1964లో ‘నయా’ అనే మాట తీసేశారు. అప్పటి నుంచి ఉన్నవి ఉత్త పైసలే. ఈ లెక్క ఒక్కటి తెలిస్తే గుప్పెడు బిళ్ళలను అయిదు నిమిషాల్లో మూడు కుప్పలు చేయవచ్చు.

స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ 1947 నవంబరు 21న వచ్చింది. జాతీయ పతాకం, జైహింద్ అనే మాట ఉన్న మూడున్నర అణాల బిళ్ళ అది. మరుసటి ఏడాది ఆగస్టు 15న గాంధీజీ బొమ్మతో నాలుగు విలువల బిళ్ళలు వచ్చాయి. వాటిని స్విట్జర్లండులో ముద్రించారు. మన బిళ్ళలు 1926 నుంచే నాసిక్‌లోని ముద్రణాలయంలో అచ్చవుతున్నా ఆ నాలుగూ మాత్రం బయటి నుంచి వచ్చాయి.

తెలంగాణ ప్రాంతపు పాఠకులు ఇంకొక సంగతి గమనించాలి. హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా శాఖ, సొంత బిళ్ళలు ఉండేవి. మొదటి బిళ్ళ 1869లో వచ్చింది. 1931లో వచ్చిన వరుసలో అణా బిళ్ళ మీద చార్మినారు, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్ చెరువు ఉన్నాయి. అజంతా గుహల ద్వారం, బీదరు, దౌలతాబాదు కట్టడాలు పై విలువల మీద కనిపిస్తాయి. వీటి మీది అణాలు బ్రిటిషు ఇండియా అణాలు కావు, సంస్థానపు హాలీ సిక్కా లెక్కలోవి. నిజాం బిళ్ళల్లో కొన్నింటి మీద విలువ తెలుగు లిపిలో కూడా ఉంటుంది. భూతద్దం పెట్టి వెతకండి, ముచ్చటగా ఉంటుంది. సంస్థానపు తపాలా 1950లో భారత తపాలాలో కలిసిపోయింది. అందువల్ల నిజాం బిళ్ళ ఉన్న పాత కవరు మీ తాతముత్తాతల ఊరి చరిత్రకు ఒక ఆధారం. దాన్ని కత్తిరించి ఉత్తరం మీద అంటించడం నా ఉద్దేశంలో చేయరాని పని.

మరి అలంకారానికి వాడదగినవేవి? 1965 తరువాత ఏళ్ళ తరబడి కోట్ల సంఖ్యలో అచ్చయిన మామూలు బిళ్ళలు. రెండు పైసల బిద్రీ కూజా, నాలుగు పైసల కాఫీ గింజలు, పదిహేను పైసల తేయాకు కోత, తరువాతి వరుసలో రూపాయి పత్తి, రెండు రూపాయల చేనేత. ఇవి చిన్నవి, ఒకటి రెండు రంగులవి, కాగితం మీద ఒద్దికగా ఉంటాయి. కుటుంబ నియంత్రణ ప్రచారపు అయిదు పైసల బిళ్ళ 1967 నుంచి ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందో లెక్కలేదు.

అయితే ఆ అయిదు పైసల బిళ్ళ దగ్గరే కాస్త ఆగాలి. 1971లో బంగ్లాదేశ్ నుంచి శరణార్థులు లక్షలాదిగా వచ్చినప్పుడు వారి సహాయం కోసం ప్రభుత్వం ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అదనంగా అయిదు పైసల పన్ను విధించింది. అందుకోసం కుటుంబ నియంత్రణ బిళ్ళ మీదనే శరణార్థుల సహాయం అన్న మాటలను అదనంగా అచ్చువేశారు. విడిగా చూస్తే అది అయిదు పైసల బిళ్ళే. కవరు మీద, ఉత్తరం ధర చెల్లించిన పెద్ద బిళ్ళ పక్కన చూసినప్పుడు, ఏదో ఒక పల్లెలో ఒక మనిషి తన పెళ్ళి కబురుకో చావు కబురుకో తోడుగా దేశం మరో మూల ఉన్న శరణార్థికి అయిదు పైసలు ఇచ్చాడని తెలుస్తుంది. ఆ కవరు దొరికితే కవరుగానే ఉంచండి.

కృత్యం 1: ఇంట్లో గాని, బంధువుల ఇంట గాని ఒక పాత ఉత్తరం అడిగి తీసుకోండి. ముట్టుకోకముందే నోటుపుస్తకంలో ఇవి రాయండి: బిళ్ళ విలువ, బొమ్మ, ముద్రలోని ఊరి పేరు, తేదీ. తరువాత కవరు వెనుకవైపు తిప్పండి. పాత ఉత్తరాల వెనుక, అందిన ఊరి ముద్ర కూడా ఉండటం కద్దు. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో లెక్కకట్టండి. పిన్‌కోడు ఉందా చూడండి. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది కనుక, ముద్ర చెరిగిపోయిన ఉత్తరానికి కూడా అదొక ఆధారం.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

(అ) ఒక బిళ్ళ మీద విలువ 15 నయా పైసలు అని ఉంది. అది ఏ సంవత్సరాల మధ్యది కావచ్చు?

(ఆ) చార్మినారు బొమ్మ ఉన్న అణా బిళ్ళ ఒక కవరు మీద ఉంది. దాన్ని ఊడదీయవచ్చునా? మీ జవాబుకు కారణం రాయండి.

14.3 ఊడదీసే పద్ధతి

చదవడం అయింది, నోటుపుస్తకంలో రాయడం అయింది, బిళ్ళ మామూలుదే, ముద్ర అస్పష్టంగా ఉంది, కవరుకు వేరే విలువ లేదు అని తేలిన తరువాతనే ఊడదీయండి.

బిళ్ళను కవరు నుంచి లాగకూడదు. చుట్టూ ఒక వేలెడు కాగితం వదిలి కత్తిరించి, ఆ ముక్కను చల్లని నీళ్ళలో బొమ్మ పైకి వచ్చేటట్లు తేలనివ్వండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో జిగురు కరిగి బిళ్ళ తనంతట తానే జారుతుంది. వేడినీళ్ళు పోస్తే పని త్వరగా అవుతుంది గాని కొన్ని పాత రంగులు కరిగిపోతాయి. ఎరుపు, ఊదా రంగు కవర్ల ముక్కలను వేరే గిన్నెలో వేయండి. పెళ్ళి కార్డు కవరు ఒక్కటి చాలు, గిన్నెలోని బిళ్ళలన్నీ గులాబీరంగుకు తిరుగుతాయి. ఊడిన బిళ్ళ వెనుక జిగురు వేలితో తాకితే జారుడుగా ఉంటుంది. అది పోయేవరకు మంచినీళ్ళలో కడిగి, అద్దుడు కాగితం మీద బోర్లా ఆరబెట్టండి. సగం ఆరాక బరువైన పుస్తకం మధ్య ఉంచితే ముడతలు పడవు. ఎండలో పెట్టవద్దు. ఈమధ్య వచ్చిన, తడపకుండానే అంటుకునే రకం బిళ్ళలు ఇలా నీళ్ళలో ఊడవు. వాటిని కాగితంతో సహా కత్తిరించి వాడుకోవడమే మేలు.

14.4 కాగితం

చేతి కాగితం మన దేశానికి కొత్త కాదు. దౌలతాబాదు దగ్గర కాగజీపురా అనే ఊరు పేరులోనే ఆ వృత్తి ఉంది. అది ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలోని ఊరే. మిల్లు కాగితం వచ్చి ఈ వృత్తి సన్నగిల్లినప్పుడు, 1934లో గాంధీజీ వార్ధాలో నెలకొల్పిన గ్రామ పరిశ్రమల సంఘం దాన్ని నిలబెట్టడానికి పూనుకుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే చేతి కాగితం ఎక్కువగా బనియను, చొక్కా బట్టల కత్తిరింపు ముక్కల గుజ్జుతో చేసినది. చెట్టు నరకనక్కరలేదు, నూలు పోగు పొడుగు కనుక కాగితం గట్టిగా ఉంటుంది.

కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. మూలన కలంతో చిన్న గీత గీయండి. సిరా ఈగ కాళ్ళలా పాకితే ఆ కాగితానికి గంజి చాలలేదన్నమాట. దాని మీద అచ్చు కూడా అంచులు చెదిరి పడుతుంది. అటువంటి కాగితం ఇప్పటికే కొని ఉంటే పారేయవద్దు. పలుచని బియ్యపు గంజి వడకట్టి, వెడల్పు కుంచెతో ఒక పూత పూసి, నీడన ఆరబెట్టి, నున్నని గ్లాసు అడుగుతో రుద్దండి. పూర్వం కాగజీలు పిండిగంజి పూసి నున్నని రాయితో మెరుగుపెట్టేవారు. మనం చేస్తున్నదీ దాని చిన్న రూపమే.

పాతదనం కోసం కాగితాన్ని టీ నీళ్ళలో ముంచి గోధుమరంగు తెప్పించేవారున్నారు. చూడటానికి బాగుంటుందేమో గాని, ముసలి వేషం వేసిన కుర్రవాడిలా ఉంటుందది. పైగా టీలోని పులుపు కాగితాన్ని నిజంగానే పెళుసు చేస్తుంది.

ఇక బరువు. చేతి కాగితం అందంగా ఉందని ఎంత మందమైనా వాడేస్తే తపాలా దగ్గర చిక్కు. మన దేశంలో ఉత్తరానికి ధర ఇరవై గ్రాముల మెట్ల లెక్కన పెరుగుతుంది. ఏ4 సైజు మామూలు కాగితం ఒకటి 5 గ్రాములు. చదరపు మీటరుకు 150 గ్రాముల చేతి కాగితం అదే కొలతలో 9 గ్రాములు దాటుతుంది. అటువంటివి రెండు పెట్టి, అదే కాగితంతో కవరు చేస్తే ఇరవై దాటినట్టే. అప్పుడు బిళ్ళ చాలకపోతే, మీరెంతో ముచ్చటపడి పంపిన ఉత్తరాన్ని అవతలివారు డబ్బు కట్టి విడిపించుకోవలసి వస్తుంది. అందుకని మందమైన కాగితం కవరుకు, పలుచనిది ఉత్తరానికి వాడండి. కవరు కొలతకు వేరే పాఠం అక్కరలేదు. ఒక మామూలు కవరును జిగురు దగ్గర జాగ్రత్తగా విప్పి, పరచి, దాని అంచు వెంట గీసుకోండి.

14.5 అచ్చు చెక్కడం

బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి గోడ మీద పువ్వులు వేయనివారు మనలో తక్కువ. బంగాళాదుంపను రెండు ముక్కలు చేసి నక్షత్రం చెక్కినవారూ ఉంటారు. అచ్చు తత్వం అంతా అక్కడే ఉంది: ఎత్తుగా మిగిలినది కాగితాన్ని తాకుతుంది, లోతుగా తీసేసినది తాకదు. కృష్ణాజిల్లా పెడనలో కలంకారీ బట్టల మీద అద్దే టేకు అచ్చులు కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. అక్కడ ఒక పువ్వుకు ఒక్క అచ్చు చాలదు. గీతకు ఒకటి, లోపలి రంగుకు ఒకటి, రెండో రంగుకు మరొకటి. అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చునేటట్లు చెక్కడంలో ఆ పనివారి నేర్పు ఉంది. మనం ఒక రంగుతో, రబ్బరుతో మొదలుపెడదాం. టేకు చెక్కడానికి ఉలి, సుత్తి, ఏళ్ళ సాధన కావాలి. రబ్బరుకు బ్లేడు, ఒక సాయంకాలం చాలు.

బొమ్మ ఎంచుకోవడం: మొదటి అచ్చుకు పెద్ద బొమ్మ వద్దు. నాలుగు చుక్కల ముగ్గు, మామిడాకు, తాటిచెట్టు, మల్లెమొగ్గ వంటివి చాలు. సన్నని గీతలున్న బొమ్మ కంటే దిట్టమైన ఆకారం ఉన్న బొమ్మ బాగా పడుతుంది. పేరులో మొదటి అక్షరం చెక్కాలని చాలామందికి ఉంటుంది. తెలుగు అక్షరాలు గుండ్రనివి కనుక బ్లేడుకు కష్టం, లోపలి ఖాళీలు చిన్నవి కనుక మరీ కష్టం. ‘శ్రీ’తో మొదలుపెట్టినవారు సగంలో ఆపేయడం నేను చూశాను. గ, ర, ప వంటి సులువైనవాటితో మొదలుపెట్టి, తలకట్టును విడిగా ఒక చిన్న గీతగా వదలండి.

బొమ్మ దించడం: అచ్చు అద్దంలోని ప్రతిబింబంలా తిరగబడుతుంది. సున్నకు ఈ బాధ లేదు, మిగిలిన అక్షరాలకు ఉంది. దీనికి ఉపాయం ఉంది. ఉల్లిపొర కాగితం మీద మెత్తని పెన్సిలుతో బొమ్మను మామూలుగా, సరైన దిశలోనే గీయండి. గీసిన వైపు రబ్బరు మీదకు బోర్లించి, వెనుక నుంచి గోటితో రుద్దండి. సీసం రబ్బరుకు అంటుతుంది, బొమ్మ తనంతట తానే తిరగబడి ఉంటుంది. కాగితం మీద అచ్చు వేసినప్పుడు మళ్ళీ సరి అవుతుంది. కొందరు అతిజాగ్రత్తకు పోయి కాగితం మీదే తిప్పి గీస్తారు. దాంతో రెండుసార్లు తిరగబడి, అచ్చులో అక్షరం తలకిందులైన వ్యవహారమే అవుతుంది.

చెక్కడం: బ్లేడును నిలువుగా దించవద్దు. గీత నుంచి బయటికి వాలుగా కోయండి. అప్పుడు మిగిలిన గీత గోడలా కాక గట్టులా, అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. నిలువుగా కోసిన సన్నగీత నాలుగో అచ్చుకే ఒరిగి తెగిపోతుంది. మలుపు వచ్చినప్పుడు బ్లేడును తిప్పకండి. బ్లేడు చెయ్యి కదలకుండా ఉంచి, రబ్బరును తిప్పండి. గుండ్రని తెలుగు అక్షరాలకు ఇదొక్కటే మార్గం. ముందు లోపలి ఖాళీలు తీసి, తరువాత బయటిది తీయండి. బయట ముందు తీసేస్తే రబ్బరుకు ఆధారం పోయి కదులుతుంది. బ్లేడు ముందు మీ వేలు ఎప్పుడూ ఉండకూడదు. బ్లేడు ఒక అంచుకు బట్ట చుట్టండి. పని ఆపినప్పుడల్లా దాన్ని అగ్గిపెట్టెలో పెట్టండి.

అద్దడం: స్టాంపు ప్యాడు మీద అచ్చును అదమకండి, నాలుగైదుసార్లు తేలికగా తట్టండి. అదిమితే సిరా లోతుల్లోకి దిగి, తీసేసిన చోట కూడా మరకలు పడతాయి. కాగితం కింద ఒక పాత పత్రిక మెత్తగా వేసి, అచ్చును తిన్నగా దించి, ఊగించకుండా తిన్నగా ఎత్తండి. మొదటి అచ్చు ఎప్పుడూ చిత్తుకాగితం మీదే. అక్కడ మరక కనిపించిన చోట ఇంకా తీయాలని అర్థం. ఆఫీసు ప్యాడు ఊదారంగు సిరా వెలుతురుకు కొన్నాళ్ళలో వెలిసిపోతుంది, తడి తగిలితే పాకుతుంది. నిలవాలనుకుంటే పోస్టరు రంగును చిక్కగా స్పాంజి ముక్క మీద తీసుకుని వాడండి. పని అయ్యాక అచ్చును తడిబట్టతో తుడిచి కాగితంలో చుట్టి పెట్టండి. తెల్ల రబ్బరును ప్లాస్టిక్ డబ్బాలో నేరుగా వేస్తే కొన్నాళ్ళకు రెండూ అతుక్కుపోతాయి. స్కూలు పెట్టెలో స్కేలుకు రబ్బరు కరుచుకుపోవడం మీకు గుర్తుండే ఉంటుంది.

కృత్యం 2: మీ ఇంటి గడపలో పడే ముగ్గునుంచి ఒక మెలిక తీసుకుని, పై పద్ధతిలో అచ్చు చెక్కండి. పది అచ్చులు వేసి, మొదటిదాన్నీ పదోదాన్నీ పోల్చి చూడండి. ఏ గీత ఒరిగిందో రాసుకోండి.

14.6 రెండూ కలపడం

ఇప్పుడు మీ దగ్గర కాగితం ఉంది, అచ్చు ఉంది, శుభ్రం చేసిన మామూలు బిళ్ళలు నాలుగైదు ఉన్నాయి. వీటిని ఎక్కడ పెట్టాలి?

ముందు చట్టం సంగతి. వాడిన బిళ్ళ మీది ముద్రను చెరపడం గాని, వాడిన బిళ్ళను తెలిసి మళ్ళీ తపాలాకు వాడటం గాని నేరం. తపాలా బిళ్ళను పోలిన నకిలీ బిళ్ళలు తయారుచేయడం కూడా నేరమే. ఇవన్నీ పూర్వం భారత శిక్షాస్మృతిలో ఉండేవి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉన్నాయి. అందుచేత రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మీ అచ్చు మీద రూపాయి, పైసల అంకె, ‘భారత్’ అనే మాట, పళ్ళ అంచు పెట్టి తపాలా బిళ్ళలా కనిపించేటట్లు చెక్కవద్దు. పాత బిళ్ళలను కవరు పైభాగాన అంటించవద్దు. మీకు మోసం చేసే ఉద్దేశం లేకపోయినా, రోజుకు వందల ఉత్తరాలు చూసే ఉద్యోగికి మీ మనసులో మాట ఎలా తెలుస్తుంది?

అమెరికాలో 1861 నుంచి వెలువడిన బిళ్ళలు వాడనివైతే నేటికీ చెల్లుతాయి. అందుకని అక్కడివారు నలభై, యాభై ఏళ్ళనాటి బిళ్ళలు కొని, పెళ్ళి పిలుపుల కవర్ల మీద వరుసగా అంటిస్తారు. ఆ కవర్ల బొమ్మలు చూసి మనవాళ్ళు కూడా పెట్టెలోని అణాల బిళ్ళలు తీసి కవరు మీద అతికిద్దామనుకుంటారు. ఆ పద్ధతి మన దేశానికి సరిపడదు. ఉత్తరానికి సరిపడా కొత్త బిళ్ళ కొని కుడివైపు పైమూల అంటించండి. కౌంటరులో ఇచ్చి, ముద్ర స్పష్టంగా వేయమని అడగండి. విసుక్కోరు, అడిగేవారు తక్కువ కనుక ఒక్కోసారి సంతోషిస్తారు కూడా. కొత్త బిళ్ళల్లోనే అందమైనవి కావాలంటే పెద్ద తపాలా కార్యాలయాల్లో బిళ్ళల సేకరణదారుల కోసం ఉన్న విభాగానికి వెళ్ళండి. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జీపీఓలో అటువంటిది ఉంది.

పాత బిళ్ళ చోటు ఉత్తరం లోపల. రాసే కాగితం ఎడమవైపు పైమూలన గాని, మడత కార్డు లోపలి పుటలో గాని ఒక్కటే ఉంచండి. దాని చుట్టూ ఖాళీ ఉంటేనే కంటికి ఆనుతుంది. నాలుగైదు గుమికూడితే సంతలా ఉంటుంది. బిళ్ళలోని రంగుల్లో ఒకదాన్ని అచ్చుకు తీసుకోండి. తేయాకు బిళ్ళ ఆకుపచ్చ అయితే పక్కన ఆకు అచ్చు కూడా ఆ ఛాయలోనే వేయండి. అచ్చును బిళ్ళ మీదకు ఎక్కనివ్వవద్దు, బిళ్ళ మీద పడదగిన ముద్ర ఒకసారి ఎప్పుడో పడిపోయింది. ముందు అచ్చువేసి, ఆరిన తరువాతనే బిళ్ళ పెట్టండి.

అతికించేందుకు ఫెవికాల్ వంటి గట్టి జిగురు వాడవద్దు. అది పట్టుకుంటే వదలదు. ఉల్లిపొర కాగితం నుంచి రెండు సెంటీమీటర్ల పొడుగు, ఒక సెంటీమీటరు వెడల్పు ముక్క కత్తిరించి, మూడో వంతు దగ్గర మడవండి. చిన్న మడత బిళ్ళ వెనుక పైభాగానికి, పెద్ద మడత కాగితానికి అంటించండి. బిళ్ళ తలుపులా పైకి లేస్తుంది, వెనుక కూడా చూడవచ్చు, కావాలనుకున్నవారు తడి కుంచెతో ఊడదీసుకోవచ్చు. జిగురుగా చెంచాడు మైదాను నీళ్ళలో కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పిన పేస్టు చాలు. పుస్తకాలు బైండు చేసేవారు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. మనకు అక్కరలేదు, అది విషం, పైగా నీలిరంగు తేలుతుంది. ఏ రోజుకారోజు కొంచెమే చేసుకోండి.

చివరగా, పాత బిళ్ళ ఉంచిన చోట దాని కింద సన్నని పెన్సిలుతో రెండు మాటలు రాయండి: ఎక్కడి ఉత్తరం, ఏ తేదీ. కృత్యం 1లో మీరు నోటుపుస్తకంలో రాసుకున్నది ఇక్కడ పనికివస్తుంది. ఉత్తరం అందుకున్నవారికి బిళ్ళతోపాటు దాని ఊరు కూడా చేరుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

(అ) రబ్బరు మీద అక్షరం దించేటప్పుడు ఉల్లిపొర కాగితం మీద దాన్ని ఏ దిశలో గీయాలి? ఎందుకు?

(ఆ) గీత నుంచి బయటికి వాలుగా ఎందుకు కోయాలి?

(ఇ) చదరపు మీటరుకు 150 గ్రాముల చేతి కాగితం ఏ4 సైజులో రెండు, 5 గ్రాముల మామూలు కవరులో పెట్టారు. ఉత్తరం 20 గ్రాములు దాటుతుందా?

(ఈ) మీ స్నేహితురాలు తన అచ్చు మీద పళ్ళ అంచు, ‘5 రూపాయలు’ అని చెక్కి, కవరు పైమూలన వేసింది. ఆమెకు ఏమని చెబుతారు?

సూచన జవాబులు

1. (అ) 1957, 1964 సంవత్సరాల మధ్యది. (ఆ) ఊడదీయకూడదు. అది హైదరాబాద్ సంస్థానపు బిళ్ళ. కవరు, ముద్రలతో కలిపి ఉంటేనే ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎప్పుడు వెళ్ళిందో తెలుస్తుంది.

2. (అ) మామూలు దిశలోనే. రబ్బరు మీద బోర్లించి రుద్దినప్పుడు ఒకసారి, కాగితం మీద అచ్చు వేసినప్పుడు మరొకసారి తిరగబడి సరి అవుతుంది. (ఆ) గీత అడుగున వెడల్పుగా ఉండి ఒరిగిపోకుండా నిలుస్తుంది. (ఇ) దాటుతుంది. కాగితాలు రెండూ కలిసి సుమారు 19 గ్రాములు, కవరుతో 24. ఎక్కువ ధరకు బిళ్ళ అంటించాలి, లేదా ఒక కాగితం తీసి ఉత్తరం రెండు వైపులా రాయాలి. (ఈ) అది తపాలా బిళ్ళను పోలినది కనుక చట్టం ఒప్పదు. అంకె, పళ్ళ అంచు కోసేసి, లోపలి బొమ్మను మాత్రం ఉంచుకుని ఉత్తరం కాగితం మీద వేసుకోమని చెప్పాలి. కవరు మూలన అసలు బిళ్ళ అంటించాలి.